రిపోర్టులో ‘నిల్’ అని వచ్చింది. మగవాళ్ళు ఈ బాధ ఎవరితో చెప్పుకుంటారు?

అలిపిరి దారి (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 34, మా ఆవిడకు 30. పెళ్ళయి ఐదేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ పరీక్షలన్నీ ఆమెకే చేశారు. స్కానింగులు, థైరాయిడ్, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, అన్నీ. ఏ లోపమూ లేదన్నారు. ఈ మధ్య డాక్టర్ని మారిస్తే కొత్త డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి “ఈయన రిపోర్టేదమ్మా?” అని అడిగింది. అప్పుడు చేయించుకున్నాను. వీర్యకణాల కౌంట్ అన్న చోట ‘నిల్’ అని ఉంది. మళ్ళీ ఇచ్చినా అదే వచ్చింది.

ఆ రోజు డాక్టరమ్మ మాట్లాడిందంతా మా ఆవిడతోనే. “మీరే ఆయనకు ధైర్యం చెప్పాలి” అంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

తిరుపతిలో ఇల్లుంటే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. బంధువుల్లో ఎవరి బిడ్డకు పుట్టెంటుకలు తీయించాలన్నా ముందు మా ఇంట్లో దిగుతారు. పోయిన నెల మా చెల్లెలి కొడుక్కి తీయించారు. మేనమామను కదా, కల్యాణకట్టలో నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. వాడు గుక్కపట్టి ఏడుస్తూ తల తిప్పేస్తుంటే నుదురు ఒక చేత్తో, గడ్డం ఒక చేత్తో కదలకుండా పట్టుకున్నాను. తడి జుట్టు నా ముంజేతుల మీద పడుతోంది. వెనక నుంచి మా పెద్దమ్మ “ఒళ్ళో బిడ్డ కూర్చున్నాడు, వచ్చే ఏటికి నీ బిడ్డకే” అంది. అందరూ గోవిందా గోవిందా అన్నారు. నా రిపోర్టు అప్పటికే వచ్చేసింది.

మందులు, ఆపరేషన్ల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నేనడిగేది వేరే. నిద్ర పట్టడం లేదు. ఆఫీసులో ఎవరైనా బిడ్డ పుట్టాడని స్వీట్లు పంచితే లేచి బయటికి పోతున్నాను. మా ఆవిడ దగ్గర ఏడిస్తే ఆమె ఇంకా కుంగిపోతుంది. అమ్మకు చెప్పే ధైర్యం లేదు. స్నేహితుల్లో ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే. మగవాడు పోయి కూర్చుని ఈ మాట నోరు తెరిచి చెప్పుకునే చోటు మన తిరుపతిలో ఉందా?

ల్యాబ్ మనిషి (చిత్తూరు)

అన్నా, నేను తిరుపతిలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. మీరడిగింది మనసు గురించే. అయినా ఆ రిపోర్టును అపార్థం చేసుకోవడం వల్లే సగం కుంగుబాటు వస్తుంది కాబట్టి ముందు నాకు తెలిసింది చెబుతాను.

రిపోర్టు తీసుకునేటప్పుడు మగవాళ్ళు గొంతు తగ్గించి నన్నడిగే మాట ఇది: “వీర్యం మామూలుగానే వస్తోంది కదా సార్, మరి సున్నా ఎట్లా?” వీర్యంలో చాలా భాగం సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ అనే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. వృషణాల నుంచి వచ్చే వీర్యకణాల వాటా చాలా కొద్ది. అందుకే కణం ఒక్కటీ లేకపోయినా కంటికి తేడా తెలియదు. కోరికలోనూ, కాపురంలోనూ తేడా ఉండాలని లేదు. కౌంట్ వేరు, మగతనం వేరు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్నది కాదు, శరీరం పనిచేసే తీరే అది.

దీన్ని అజూస్పర్మియా అంటారు. మగవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. అంటే గోవిందరాజస్వామి గుడి ముందు సాయంత్రం తిరిగే జనంలోనే ఎంతోమంది ఉంటారు. సాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని కూడా మైక్రోస్కోప్ కింద వెతికితేనే ‘నిల్’ అని రాయాలి. మీకు అలా చేశారో లేదో అడగండి. ఆ తర్వాత ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ల పరీక్షలు, యూరాలజిస్టో, మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టో చేత్తో చూడటం. కణాలు తయారవుతున్నా దారి మూసుకుపోయి బయటికి రాకపోవడం ఒక రకం. తయారీలోనే లోపం ఉండటం ఇంకో రకం. మొదటి రకమైతే వృషణం నుంచి నేరుగా కణాలు తీసి, ఒక్కో కణాన్ని ఒక్కో అండంలోకి సూదితో ఎక్కించే ఇక్సీ చేయగలరు. రెండో రకంలో కూడా మైక్రో టెసె అనే ఆపరేషన్‌తో సగానికి అటూ ఇటూగా మందికి కణాలు దొరుకుతున్నాయి. ఇక్సీతో పిల్లలు పుట్టారని లోకానికి తెలిసింది 1992లో. అంతకుముందు ఇలాంటి రిపోర్టు చేతికొచ్చినవాళ్ళకు ఈ దారే లేదు.

సున్నా కాకుండా తక్కువ వచ్చి ఇక్కడ చదువుతున్నవాళ్ళకు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల్లో మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం అని ఉంటుంది. పెళ్ళాం నెల తప్పడానికి ఏడాది కూడా పట్టని మగవాళ్ళను పరీక్షించి, వాళ్ళలో అట్టడుగు ఐదు శాతం దగ్గర గీసిన గీత అది. దానికి కింద ఉంటే అవకాశం తగ్గుతుంది, తలుపు మూసుకుపోదు. నూటికి 96 కణాల ఆకారం బాగాలేదని చూసి ఒకాయన నా ముందే కూలబడ్డాడు. ఆ ఒక్క అంకె వరకూ ఆయన రిపోర్టు నార్మలే.

పలమనేరు రైతు

అన్నా, నాకు సున్నా కాదు గానీ కౌంటు శానా తక్కువ. వెరికోసీల్ ఉండాదన్నారు, వృషణాల పైన నరాలు ఉబ్బేది. మగోళ్ళల్లో నూటికి పదైదు మందికి ఉంటాదంట, అందురికీ పిల్లల సమస్య రాదంట. ఆపరేషన్ చేయించుకున్నా.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. మాకు ఆవులుండాయి. పాల డిపో కాడ ఒకాయన అందురి ముందరా “నీ ఆవులు ఏటేటా ఈనతానే ఉండాయి, మీ ఇంట్లోనే ఏమీ లేదే” అన్నాడు. నవ్వినారు. నేనూ నవ్వినా. ఇంటికొచ్చి కొట్టంలో శానాసేపు కూర్చున్నా. ఆ పొద్దు నుంచి పాలు పోసేదానికి మా తమ్ముణ్ణే పంపిస్తా ఉండా.

ఇంట్లో మాయమ్మ రెండో పెళ్ళి మాట తెస్తా ఉండె. నా పెళ్ళాం ముందర కాదు గానీ ఆమెకు ఇనపడేట్టు. ఒకరోజు ఇంక తట్టుకోలేక “అమ్మా, లోపం నాలో ఉండాది, ఇంకోదాన్ని తెచ్చినా ఇంతే” అని చెప్పేసినా. కొంచేపు ఏం మాట్లాడలా. మర్నాడు కాణిపాకం పోదాం పాండి అనింది, ముగ్గురం పోయినాం. మళ్ళా ఆ మాట ఎత్తలా. ఇప్పుడు కోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తింటా ఉండాది. నువ్వూ మీ అమ్మకు చెప్పేయన్నా. దాచిపెట్టుకునేదే పెద్ద బరువు.

వేదిక నిర్వాహకుడు

‘నలభై రోజుల్లో కౌంట్ గ్యారంటీ’ అంటూ పొడి అమ్మేవాళ్ళ పోస్టు ఇక్కడి నుంచి తీసేశాను. ఒక కణం తయారవడానికే సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే ఏ చికిత్స ఫలితమైనా మూడు నెలల తర్వాత చేసే పరీక్షలోనే చూస్తారు. ఎవరైనా ప్రైవేటుగా మెసేజ్ పెట్టి అమ్మజూపితే నాకు చెప్పండి. బాధలో ఉన్నవాళ్ళ దగ్గర డబ్బు గుంజడం ఈ వేదిక మీద జరగనివ్వను.

రేణిగుంట అక్క

మా ఇంట్లోనూ సమస్య మా ఆయన వైపే. బయట చెప్పలేదు. పుట్టింట్లో, అత్తింట్లో అందరూ నాలోనే లోపం అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. సీమంతాలకు పిలవడం తగ్గించారు. పిలిచినా గాజులు తొడిగేవాళ్ళలో నన్ను రమ్మనరు. వెనక వరుసలో కూర్చుని భోజనం చేసి వచ్చేదాన్ని. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది, ఇంటికొచ్చాక ఆయన నోరు విప్పకపోవడం. టీవీ పెట్టుకుని దాన్ని చూడకుండా కూర్చునేవారు.

పలమనేరు తమ్ముడూ, మీ అమ్మ మంచిది. అందరూ అలా ఉండరు. మా అత్తగారికి తెలిశాక “నా కొడుక్కి అలాంటిది ఉండదు, ఆ ల్యాబే తప్పు” అని పోట్లాడింది. తర్వాత నా జాతకం తీసుకుని శ్రీకాళహస్తికి రాహుకేతు పూజకు బయల్దేరదీసింది. చెప్పాలా వద్దా అన్నది ఇంటింటికీ వేరు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నాకే చెప్పాలి.

అలిపిరి తమ్ముడూ, నువ్వు ఏడిస్తే ఆమె కుంగిపోతుందని రాశావు. నాకైతే మా ఆయన ఏడ్చిన రాత్రే ఊపిరాడింది. అప్పటిదాకా ఈయనకు బిడ్డ లేదన్న బాధే లేదేమో, నాకొక్కదానికేనేమో అనుకున్నాను. ఇంకొకటి. రేపు ఇక్సీకి పోతే ఇంజెక్షన్లన్నీ ఆమెకే. పది పన్నెండు రోజులు పొట్ట మీద సూదులు, ఆ తర్వాత మత్తిచ్చి అండాలు తీయడం. రోజూ నువ్వే వెంట వెళ్ళు. ఆమెకు అదే పెద్ద ఓదార్పు.

మాటసాయం (తిరుపతి, కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను)

అలిపిరి దారి గారూ, మీ పోస్టులో నన్ను ఆపేసింది పక్క కుర్చీ మాట. మా దగ్గరికొచ్చే మగవాళ్ళు కూడా తోడుగా వచ్చినట్టే వస్తారు. “మా ఆవిడకు టెన్షన్ ఎక్కువైంది మేడమ్” అని మొదలుపెడతారు. ఆవిడ గురించే చాలాసేపు చెప్పి, లేవబోయే ముందు “నాకు కూడా...” అంటారు. అసలు సంగతి అప్పుడు వస్తుంది. అందుకే భర్తతో కాసేపైనా విడిగా మాట్లాడాలని నేను పట్టుబడతాను.

ఇది దుఃఖం. మనిషి పోతే పదిమంది వస్తారు, పెద్దకర్మ దాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. మీకు పోయినదేమిటో ఎవరికీ కనిపించదు కాబట్టి పలకరించేవాళ్ళుండరు. మగవాడు కాబట్టి అసలే ఉండరు. నిద్ర లేకపోవడం, శుభకార్యాలు తప్పించుకోవడం, ఊరికే కోపం రావడం, తాగుడు పెరగడం, డాక్టర్ చెప్పిన రోజుల్లో భార్య దగ్గరికి వెళ్ళలేకపోవడం, ఇవన్నీ ఈ దుఃఖంతో వచ్చేవే. చివరిది చెప్పడానికి సిగ్గుపడి ఎందరో చికిత్సనే ఆపేస్తారు. ఆపకండి, డాక్టర్‌తో చెప్పండి. దానికీ మార్గాలున్నాయి.

కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడం అనుకుంటారు. మేము చేసేది చాలా మామూలు పని. ముందు మీరు చెప్పింది అడ్డు తగలకుండా వింటాం. తర్వాత ఈ విషయం ఎవరికి తెలియాలి, ఎవరికి అక్కర్లేదు అని భార్యాభర్తలు కూర్చుని తేల్చుకునేలా చూస్తాం. రైతు గారూ అక్కా చెప్పినవి రెండూ నిజమే, అందుకే ఇది మీ ఇంటిని బట్టి మీరే తేల్చుకోవాలి. “ఏమైనా విశేషమా?” అని అడిగేవాళ్ళకు ఇద్దరూ ఒకే జవాబు అనుకుని పెట్టుకుంటారు. “చూపించుకుంటున్నాం, ఏదైనా ఉంటే మేమే చెబుతాం” అంటే చాలు. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబితేనే ఆరాలు మొదలవుతాయి. ఫంక్షన్‌కు వెళ్ళాలా వద్దా అన్నదీ ముందే అనుకోవచ్చు. అక్షింతలు వేసి భోజనానికి ఆగకుండా వచ్చేయడం తప్పేం కాదు.

ఇక చోటు గురించి. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం క్లినిక్‌లు దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి. చికిత్సలో వచ్చే పర్యవసానాలు, ఫలితం వచ్చే అవకాశాలు వివరించి చెప్పాలి. మీరు వెళ్ళే చోట “కౌన్సెలర్ ఎవరు, నేను ఎప్పుడు కలవాలి” అని అడగండి. అది వాళ్ళు చేసే దయ కాదు. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. పిచ్చివాళ్ళు పోయే చోటని వెనకాడకండి, నిద్ర పట్టనివాళ్ళే ఎక్కువగా కనిపిస్తారక్కడ. ఎవరికీ కనిపించకూడదనుకుంటే 14416. ఇది టెలీ మానస్ అనే ఫోన్ సేవ, మనసు బాధలు వినడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ నంబరుకు వెంటనే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మిమ్మల్ని సూటిగానే అడుగుతున్నాను, అలాంటి ఆలోచనలు వస్తున్నాయా?

అలిపిరి దారి

చచ్చిపోవాలని లేదు మేడమ్. ఎక్కడికైనా పోవాలని మాత్రం అనిపిస్తోంది. అడిగినందుకు థాంక్స్. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

జిమ్ తమ్ముడు

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నాకు 27. బాడీ కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వాడాను. కౌంట్ దాదాపు లేదని వచ్చింది. అది మగ హార్మోనే కదా, పెరగాలి కదా?

ల్యాబ్ మనిషి

తగ్గుతుంది తమ్ముడూ. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు నుంచి వృషణాలకు వెళ్ళే సంకేతాలు ఆగిపోతాయి, కణాల తయారీ పడిపోతుంది. ఆపితే చాలామందికి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి ఇంకా ఆలస్యం అవుతుంది. నీ అంతట నువ్వు ఇంకో మందు మొదలుపెట్టకు. వాడినవన్నీ కాగితం మీద రాసుకుని యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళు, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. దాచకుండా చెప్పు.

చంద్రగిరి మాస్టారు

నాకు 68. తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. మాకు పిల్లల్లేరు. మా కాలంలో మగవాడికి పరీక్ష అన్న మాటే రాలేదు. లోపం ఎవరిదో మాకు ఈనాటికీ తెలియదు. గుళ్ళలో ఊయలలు కట్టిందీ, ఉపవాసాలున్నదీ, మాటలు పడిందీ అన్నీ మా ఇంటావిడే.

అలిపిరి నాయనా, నువ్వు రాయలేదు గానీ అమ్మకు చెప్పలేకపోవడం వెనక వంశం అన్న మాట ఉంటుంది. పున్నామ నరకం అని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్ళం కదా. మనుస్మృతి పన్నెండు రకాల కొడుకులను చెప్పింది, అందులో దత్తుడు ఉన్నాడు. పాండవులు ఐదుగురిలో ఒక్కరూ పాండురాజు రక్తం కాదు, అయినా ఆయన కొడుకులుగానే రాజ్యం అడిగారు. కొందరికి దత్తత, కొందరికి ఏదీ వద్దు. మేము ఏదీ వద్దనుకున్నాం. అదీ ఒక సంసారమే, మేము బాగానే బతికాం. బాధ లేదని అనను. నలభైల్లో ఒక రకంగా ఉండేది. తోటివాళ్ళు మనవళ్ళను ఎత్తుకుని తిరిగే వయసులో మళ్ళీ కొత్తగా వచ్చింది.

నన్ను నిలబెట్టింది ఒక తోటి మాస్టారు. ఈ విషయం ఎన్నడూ ఎత్తలేదు. సాయంత్రమయ్యేసరికి ఇంటి ముందు సైకిల్ బెల్లు కొట్టేవాడు, కోట దాకా నడిచి వచ్చేవాళ్ళం. ఒకరోజు నేనే చెప్పాను, విన్నాడు. మర్నాడు మళ్ళీ బెల్లు కొట్టాడు. నీ స్నేహితుల్లో అలాంటివాడు ఒక్కడు ఉండే ఉంటాడు, వెతుక్కో.

కుప్పం నాన్న

మాస్టారి మాటలు చదివాక రాయాలనిపించింది. మాకు దాత వీర్యంతో పాప పుట్టింది. నాకు మైక్రో టెసెలో ఏమీ దొరకలేదు. ఆ వారమే డాక్టర్ దాత మాట ఎత్తారు, నేను లేచి వచ్చేశాను. చాలాకాలం దాని గురించి ఇంట్లో మాట్లాడనివ్వలేదు. తొందరపడకపోవడమే మంచిదైంది. వేలూరు సి.ఎం.సి.లో ఈ చికిత్సల విభాగం ఉంది. మేము అక్కడికి కాక వేరే చోటికి వెళ్ళాం. ఎక్కడికెళ్ళినా సంతకాలకు ముందు కౌన్సెలింగ్ కావాలని అడగండి. మాకు అక్కడ కౌన్సెలర్ ఒక ప్రశ్న వేశారు: “పాపకు మీ పోలికలు రాలేదని ఎవరైనా అంటే ఆ క్షణంలో ఏం చేస్తారు?” దానికి నా దగ్గర జవాబు వచ్చేదాకా సంతకం పెట్టలేదు.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. దాత ఎవరో మనకు చెప్పరు, మనమెవరో వాళ్ళకు చెప్పరు. ఒక దాత వీర్యాన్ని ఒకే జంటకు ఇవ్వాలి. పుట్టిన బిడ్డ చట్టప్రకారం మన బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. ఇద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏదీ చేయకూడదు. పాపకు పెద్దయ్యాక చెప్పాలా అన్నది మేమింకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. నాకు చెప్పాలని ఉంది, ఆమెకు భయం. ఇప్పుడు అది నా పాదాల మీద నిలబడి నన్ను నడవమంటోంది, మిగతాది మళ్ళీ రాస్తాను.

అలిపిరి దారి

అందరివీ చదివాను. నిన్న రాత్రి మేడమ్ ఇచ్చిన నంబరుకు మేడ మీదికెళ్ళి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన వ్యక్తి పేరు చెప్పమని ఒత్తిడి చేయలేదు. మొదట నాకు మాటే రాలేదు, “పర్లేదు, లైన్లోనే ఉన్నాను” అన్నారు. కిందికొచ్చేసరికి మా ఆవిడ మేలుకునే ఉంది. ఎవరితో మాట్లాడారంటే చెప్పాను. తెల్లవారుజాము దాకా ఇద్దరం మాట్లాడుకున్నాం. రేణిగుంట అక్క రాసింది నిజం, ఆమె కూడా నాకు బాధే లేదేమో అనుకుందట.

అమ్మకు ఇప్పుడే చెప్పం అనుకున్నాం. క్లినిక్‌కు ఫోన్ చేస్తే కౌన్సెలర్ శనివారాల్లో ఉంటారన్నారు. ఈ శనివారం ఇద్దరం వెళ్తున్నాం. ఎఫ్‌ఎస్‌హెచ్‌కు రక్తం ఇచ్చాను.

పలమనేరు రైతు

మంచి పని చేసినావన్నా. నేనూ రేపు పాలు పోసేదానికి పోతా.

కొత్త సభ్యుడు (శ్రీకాళహస్తి)

ఇవన్నీ చదివాక నేనూ పరీక్ష చేయించుకోవాలనుకుంటున్నాను. ఇంతవరకూ మా ఆవిడకే అన్నీ. ల్యాబ్ బాత్రూములో ఇవ్వడం నా వల్ల కాదు. ఇంటి నుంచి తిరుపతికి తేవచ్చా సార్?

ల్యాబ్ మనిషి

దారిలోనే గంట దగ్గరపడుతుంది తమ్ముడూ, గంటలోపు సాంపిల్ మా చేతిలో ఉండాలి. తిరుపతిలో బంధువుల ఇల్లో, లాడ్జి గదో ఉంటే అక్కడ తీసుకుని తెచ్చివ్వు. డబ్బా మా దగ్గర ముందే తీసుకెళ్ళు. చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకురా, చల్లబడకూడదు, ఎండలో బండి డిక్కీలో పెట్టకూడదు. సబ్బు, నూనె, మామూలు కండోమ్ ఏవీ వాడకు. అంతకుముందు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా వీర్యం పోనివ్వకుండా ఉండాలి. కొంచెం కింద పడిపోయినా చెప్పు, మేమేమీ అనుకోం, రిపోర్టులో రాస్తాం. పొద్దున్నే వస్తే రద్దీ ఉండదు.